ఇరవై ఒక్క పైసలు, డెబ్బై ఒక్క పైసలు

మా మామయ్యగారు లెక్కలన్నీ శుభలేఖల వెనక వేస్తారు. ముప్పై ఏళ్లు ఊళ్లో సొసైటీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. శాతాల్లో చెబితే ఆయనకు తృప్తి ఉండదు. వడ్డీ అంటే నెలకి నూటికి ఎంత, అంతే. రూపాయైతే ధర్మవడ్డీ. రెండు రూపాయలైతే బజారు వడ్డీ. మూడు దాటితే ఆ అప్పిచ్చినవాడి గురించి మాట్లాడటమే మానేస్తారు.

2024 సంక్రాంతి వెళ్లిన వారానికి ఆయన ముందు ఇల్లు కొనే సంగతి పెట్టాం. ఆయన పక్కనున్న శుభలేఖ తిరగేసి, చెవి మీద పెన్సిలు తీశారు.

"బ్యాంకు వాళ్లు ఎంతంటున్నారు?"

"ఎనిమిదిన్నర శాతం, మామయ్యగారూ."

పన్నెండు పెట్టి భాగించారు. "డెబ్బై ఒక్క పైసలు. ఇంటికి ఎంత అడుగుతున్నారు?"

"యాభై రెండు లక్షలు."

"అందులో ఇప్పుడు ఎవరో అద్దెకున్నారన్నావు. వాళ్లెంత కడుతున్నారు?"

"పదకొండు వేలు."

మళ్లీ గీశారు. "ఇరవై ఒక్క పైసలు." పెన్సిలు కింద పెట్టి మా ఇద్దరి వంకా చూశారు. "నూటికి ఇరవై ఒక్క పైసలకి దొరికే ఇంటిని డెబ్బై ఒక్క పైసలు పెట్టి కొంటారన్నమాట."

మా ఆయన వెంటనే అందుకున్నారు. మొత్తం అప్పు కాదు కదా, మన చేతి డబ్బు పెట్టే భాగానికి వడ్డీ ఏముంది అని. "బ్యాంకులో వేసుకుంటే ఏడు శాతం వచ్చేది పోగొట్టుకుంటున్నావు. అది వడ్డీ కాదా? యాభై ఎనిమిది పైసలు," అన్నారు మామయ్యగారు. పైగా సొంతిల్లంటే పన్ను, సున్నం, మోటారు, పైకప్పు నెమ్ము. వాటికి ఇంకో ఐదు పైసలు వేసుకోమన్నారు.

ఆయన చెప్పింది ఒక్క ముక్కలో ఇదీ. తేడా యాభై పైసలు, అంటే ఏడాదికి ఆరు శాతం. ఇల్లు, స్థలం కలిపి ఏటా కనీసం ఆరు శాతం ధర పెరుగుతూ ఉంటేనే కొన్నందుకు నష్టం లేకుండా బయటపడతాం. రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు కలిపి ఏడున్నర శాతం పోతుంది కాబట్టి మొదటి ఏడాది పెరుగుదల ప్రభుత్వానిది, మనది కాదు. మా కాలేజీలో ఎంబీఏ చదివినవాళ్లు ఎక్సెల్ షీట్లేసి చెప్పిందానికన్నా ఇది నాకు బాగా అర్థమైంది.

మరి మా దగ్గర స్థలం ధర పెరుగుతుందా అంటే, అమలాపురంలో ఆ మాట అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. కోటిపల్లి నుంచి నరసాపురం రైలు మార్గం వచ్చేస్తోందని ఇరవై ఏళ్ల పైనుంచీ వింటున్నాం. గోదావరి పాయల్లో వంతెన స్తంభాలు లేచాయి, ఊళ్లోకి రైలు మాత్రం రాలేదు. ఆ రైలు పేరు చెప్పి అమ్మిన స్థలాలు మాత్రం చేతులు మారుతూనే ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా వచ్చి అమలాపురం జిల్లా కేంద్రమయ్యాక ఆఫీసులు వచ్చాయి, వాటితో ఉద్యోగులూ వచ్చారు. మా పోర్షను అద్దె ఆరున్నర వేల నుంచి తొమ్మిది వేలైంది. గల్ఫ్ డబ్బు, రొయ్యల డబ్బు సంగతి సరేసరి. అది వచ్చిన ఏడాది సెంటు ధర ఎగురుతుంది, రాని ఏడాది అమ్మేవాడూ ఉండడు, కొనేవాడూ ఉండడు.

లెక్క ఇంత స్పష్టంగా ఉన్నా కొనాలని ఎందుకు పట్టుబట్టామో చెప్పాలి. మేముండేది ఎర్ర వంతెన దగ్గర మేడ మీద పోర్షను. ఇంటివారి అబ్బాయి హైదరాబాద్ నుంచి వచ్చేస్తున్నాడని, ఉగాది వెళ్లాక ఖాళీ చేయమని అడిగారు. ఇంటావిడ మంచిదే, నన్ను సొంత కూతుర్లాగే చూసింది. చూసినా ఇల్లు ఆవిడది. ఆరేళ్లలో మాకది మూడో ఇల్లు. బోరు నీళ్లు నోట పెట్టలేం కాబట్టి తాగే నీళ్ల టిన్ను మేడ మీదికి మోయాలి. పిల్లకి స్కూలు ఆటో మళ్లీ మాట్లాడాలి. గ్యాసు, ఆధార్ అడ్రసు, అన్నీ మొదటికొస్తాయి.

ఇంకో కారణం చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది. అద్దెకుంటే మిగిలే డబ్బు దాచుకుంటే కొనడం కన్నా లాభమే. నిజమే. కానీ ఆరేళ్లు అద్దెకుండి మేం దాచిందెంత? ఆరు లక్షల డిపాజిట్, సగం కట్టిన ఒక చీటీ. మిగతాది షాపు స్టాకులోకి, ఆడపడుచు కూతురి పెళ్లిలోకి, పేరు గుర్తులేని ఖర్చుల్లోకి పోయింది. మామయ్యగారి లెక్క తప్పు కాదు. ఆ లెక్కకు తగిన మనుషులం మేం కాదు.

బ్యాంకుకు వెళ్లాక మా సంసారం ఎలా ఉందో మాకే తెలిసొచ్చింది. నేను ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను, చేతికి ముప్పై ఎనిమిది వేలు. మా ఆయనకి గడియార స్తంభం దగ్గర ఎలక్ట్రికల్ షాపు. లోను చూసే ఆఫీసరమ్మ నా ఖాతా స్టేట్‌మెంట్ మీద పెన్నుతో రెండు చోట్ల సున్నాలు చుట్టింది. "ఈ రెండు నెలలూ జీతం పడలేదేంటండి?" ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదని కాలేజీ వాళ్లు ఆపి, తర్వాత మూడు నెలలది ఒకేసారి వేశారు. ఇక్కడ ప్రైవేటు కాలేజీల్లో చెప్పేవాళ్లకి ఇది కొత్త కాదు గానీ బ్యాంకుకి లెటర్ కావాలి. తెచ్చిచ్చాం.

మా ఆయన వంతు ఇంకా బాగుంది. పన్ను ఎందుకు కట్టాలని ఆడిటర్ చేత ఏటా రిటర్నులో మూడు లక్షల అరవై వేలే చూపిస్తూ వచ్చారు. ఇప్పుడు బ్యాంకు ఆ కాగితమే నమ్మింది. నెలకి ముప్పై వేలు. "లేదండి, నాకు ఇంకా వస్తుంది" అని మా ఆయన అంటుంటే ఆఫీసరమ్మ నవ్వి, "మీరు సంతకం పెట్టిన కాగితం కదండీ" అంది. దానికి తోడు సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా తీరుస్తున్నామా అని వేసే మార్కు, 690 దగ్గర ఉంది. ఎప్పుడో స్నేహితుడి బండి లోనుకి షూరిటీ సంతకం పెట్టారట. నాకు చెప్పలేదు. అతను నాలుగు వాయిదాలు ఎగ్గొట్టాడు. ఆ బాకీ తీర్పించి, స్కోరు 730 దాటేసరికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ ఇంట్లో షూరిటీ అన్న మాట నేను ఎన్నిసార్లు ఎత్తానో మా ఆయనే చెప్పాలి.

వాళ్లు లెక్క కట్టే పద్ధతి ఇది. ఇద్దరిదీ కలిపి అరవై ఎనిమిది వేలు, అందులో సగం వాయిదాలకి, అంటే ముప్పై నాలుగు వేలు. ఇప్పటికే స్కూటీకి, షాపు లోనుకి కట్టే ఆరు వేలు తీసేస్తే ఇరవై ఎనిమిది వేలు. ఎనిమిదిన్నర శాతానికి ఇరవై ఏళ్లకైతే లక్షకి నెలకి 868 రూపాయలు పడుతుంది. కాబట్టి 32 లక్షల వరకు ఇవ్వొచ్చన్నారు. ఇంటి విలువ చూసి ఇంకో హద్దు కూడా ఉంటుంది. 30 లక్షల లోపు లోనైతే విలువలో 90 శాతం వరకు, ఆపైన 75 లక్షల దాకా 80 శాతం వరకు ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంకు నియమం. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు ఆ విలువలో కలపరు. అవి మన జేబులోంచే. చాలామందికి చివర్లో చెమట్లు పట్టేది అక్కడే.

యాభై రెండు లక్షల ఇల్లు మా తాహతుకు మించిందే. అయినా నాలుగు సెంట్లలో డాబా, వెనక రెండు కొబ్బరి చెట్లు, తూర్పు గుమ్మం. అత్తయ్యగారు ఆ గుమ్మంలో నిలబడి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడలేదంటే నచ్చినట్టు. బ్రోకర్ కాగితాల కట్ట చూపించి, "ఆయ్, క్లియర్ టైటిలండి బాబూ, మీరేం టెన్షన్ పెట్టుకోకండి" అన్నాడు. యాభై లక్షలు, ఆపైన అయితే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్, అంటే అమ్మేవాళ్ల పన్ను కింద, కోసి కట్టాలి కాబట్టి కాగితంలో 49 రాసుకుందామని సలహా కూడా ఇచ్చాడు. మేం రెండు లక్షలు బయానా ఇచ్చి అగ్రిమెంట్ రాసుకున్నాం. అందులో ఒక వాక్యం రాయించడం మర్చిపోయాం. దాని సంగతి తర్వాత.

బ్యాంకు వాళ్ల లాయరు ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు, అంటే పాత డీడులు, ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల పట్టీ, అడిగారు. మన రాష్ట్రంలో 1983 నుంచి ఈసీ ఆన్‌లైన్‌లో వస్తుంది, అంతకు ముందుది కావాలంటే రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. అన్నీ ఇచ్చిన రెండు వారాలకి పిలుపొచ్చింది.

ఆ స్థలం అమ్మే ఆయన నాన్న కొన్నది. వీలునామా రాయకుండా 1991లో పోయారు. 1994లో అన్నదమ్ములిద్దరూ పంచుకుని పార్టిషన్ డీడ్ రాసుకున్నారు. వాళ్లకో అక్కగారు ఉన్నారు. ఆవిడ సంతకం దాని మీద లేదు. తండ్రి సంపాదించిన ఆస్తి వీలునామా లేకుండా వదిలి వెళితే కొడుకులతో సమానంగా కూతురికీ వాటా ఉంది. అది 1956 హిందూ వారసత్వ చట్టం నుంచీ ఉన్నదే. ఆవిడ హక్కు వదులుకున్నట్టు రిజిస్టరైన కాగితం తెస్తే తప్ప లోను లేదు.

అమ్మే ఆయనకి ముందు అర్థం కాలేదు, తర్వాత కోపమొచ్చింది. "అక్కకి పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశామండి. పసుపు కుంకుమ కింద బంగారం పెట్టాం. ముప్పై ఏళ్లయింది, ఇప్పుడెవరు అడుగుతారు?" బ్రోకరూ అదే పాట. ఇంకో లాయరు దగ్గరికి వెళ్దామన్నాడు, చేబదుళ్లు తెచ్చి లోను లేకుండా కొనేయమన్నాడు. మా ఆయన కూడా ఒక రాత్రి ఊగారు. తూర్పు గుమ్మం అలాంటిది.

నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం వేరు. 2015లో మా నాన్నగారు పోయిన ఏడాదికి, మా తమ్ముడు నన్ను రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లాడు. ఎకరంన్నర కొబ్బరి తోట. కిటికీ దగ్గర గుమాస్తా వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. ఎడమ బొటనవేలికి సిరా అంటింది. తమ్ముడు బయట కొబ్బరి బోండాం కొట్టించి ఇచ్చాడు, ఆ వేలితోనే పట్టుకుని తాగాను. కాగితం ఒక్క పేరా కూడా చదవలేదు. చదవాలని తోచలేదు. ఆడపిల్ల పుట్టింటి కాగితం చదివితే ఏదో అడుగుతున్నట్టుంటుంది కదా. మా నాన్నగారికి ఆ తోట తాతగారి నుంచి వచ్చింది, ఉమ్మడి ఆస్తి. దాంట్లో పెళ్లికాని ఆడపిల్లలకు మన రాష్ట్రం 1985 సెప్టెంబర్ నుంచే పుట్టుకతో హక్కు ఇచ్చిందని, దేశమంతటికీ అది 2005లో వచ్చిందని ఆ బ్యాంకు లాయరు మాటల్లో చెబితేనే నాకు తెలిసింది. నేను ఎంబీఏ వాళ్లకి బిజినెస్ లా కూడా చెప్పాను ఒక సెమిస్టరు.

తమ్ముడి మీద నాకు ఫిర్యాదు లేదు. తోట వాడే చూస్తున్నాడు, అమ్మనీ వాడే చూస్తున్నాడు. కానీ ఆ అక్కగారి సంతకం లేకుండా ఆ ఇంట్లో పాలు పొంగించడం నాకు కుదరదని మా ఆయనతో చెప్పేశాను. చట్టం మాట అటుంచి.

అమ్మే ఆయన చివరికి అక్కగారికి ఫోన్ చేశారు. ఆవిడ ఖమ్మం వైపు ఎక్కడో ఉంటారు. మూడు లక్షలిస్తే వచ్చి సంతకం పెడతానన్నారట. యాభై రెండు లక్షల్లో మూడు లక్షలు! ఈయన పౌరుషానికి పోయి ఇవ్వనన్నారు. ఇల్లు ఇప్పటికీ అమ్ముడుపోలేదు. ఆ మధ్య అటు వెళ్తే వెనక కొబ్బరి చెట్టు ఒకటి మువ్వు కుళ్లి ఎండిపోయి కనిపించింది.

బయానా కోసం నాలుగు నెలలు తిరిగాం. మర్చిపోయిన వాక్యం ఇదే: టైటిల్ లోపం వల్ల లోను రాకపోతే బయానా పూర్తిగా తిరిగి ఇవ్వాలి. అది లేదు కాబట్టి "మీకు లోను రాకపోతే మాదా తప్పు" అన్నారు. పెద్దమనుషుల్లో పెట్టాక మూడు విడతలుగా లక్షా ఎనభై వేలు వచ్చింది. ఇరవై వేలు బ్రోకర్ ఖర్చుల కింద పోయిందన్నారు. ఏం ఖర్చులో అడగొద్దని మామయ్యగారు అన్నారు.

ఆ తర్వాత చూసిన ఇళ్లు పద్దెనిమిదో, ఇరవయ్యో. అన్నీ చెప్పను. కొత్త అపార్ట్‌మెంట్‌లో 46 లక్షలకి ఫ్లాటు బాగానే ఉంది. పై అంతస్తు ప్లానులో లేదని బ్యాంకు కాదంది, అత్తయ్యగారు అంతకు ముందే కాదన్నారు. గోదావరి పాయ వైనతేయ పక్కన లంక ఊళ్లో పెద్ద ఇల్లు, 24 లక్షలే. లోపలికి వెళ్తే గోడలకి నా ఛాతీ ఎత్తు వరకే కొత్త రంగు, పైన పాత సున్నం. ఎందుకలా వేయించారంటే "ఫ్యాషనండి" అన్నాడు చూపించినవాడు. తలుపు వెనక మాత్రం రంగు పడలేదు. అక్కడ గోధుమరంగు గీత, బురద ఎండి గీరుకుపోయిన గీత, నా ఛాతీ దగ్గరికి ఉంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర నీరు 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పటిది. ఆ ఊరి జనానికి గోదావరి అలవాటే, సామాను అటక మీదికి ఎక్కించి గట్టు మీద కూర్చుంటారు. మాకు ఆ అలవాటు లేదు.

కొన్న ఇల్లు ఆగస్టులో దొరికింది. నల్ల వంతెన దాటి లోపలికి, మూడు సెంట్లు, పాత డాబా. రిటైరైన మాస్టారు, ఆవిడ, హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. ఈసారి నేను ముందు కుళాయి దగ్గరికి వెళ్లి సబ్బు పెట్టి చేతులు కడుక్కున్నాను. నురగ రాకపోతే నీళ్లు ఉప్పని మా అమ్మ చెప్పేది. నురగ కొంచెం వచ్చింది. మాస్టారిగారి భార్య నా చేతుల వంక చూసి, "స్నానానికి పరవాలేదమ్మా, పప్పు మాత్రం ఉడకదు" అంది. ఆ మాటకే నాకు సగం నమ్మకం కుదిరింది.

లోపం మరోటి ఉంది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే వేస్తారు కదా, అలా ఇరవై ఐదేళ్లలో రోడ్డు పైకొచ్చి ఇంటి గచ్చు దానికన్నా అరడుగు కిందికి పడింది. పెద్ద వానొస్తే మెట్టు దగ్గర ఇటుకలు, మట్టి బస్తాలు అడ్డం పెడతారట. నలభై రెండున్నర అడిగింది దాని మీద బేరమాడి నలభై ఒకటికి తెచ్చాం. కాగితాలు మాత్రం ముచ్చటగా ఉన్నాయి. మాస్టారు 1998లో కొన్న డీడు, దాని వెనక 1971 డీడు, ఇంటి ప్లాను, పన్ను రసీదులు ఏడాది వారీగా దారంతో కుట్టి. వెనక గది ఒకటి ప్లానులో లేకుండా తర్వాత కట్టింది. బ్యాంకు ఇంజనీరు దాన్ని లెక్కలోకి తీసుకోకుండా 38 లక్షలు విలువ కట్టాడు.

చిక్కు రిజిస్ట్రేషన్ విలువ దగ్గర వచ్చింది. మా దగ్గర ప్రభుత్వ విలువ వేరు, బయట ధర వేరు. డాక్యుమెంట్లో ప్రభుత్వ విలువ రాసి మిగతాది చేతికి ఇచ్చుకోవడం అలవాటు. లోనుతో కొనేవాళ్లకి అది కుదరదు, కాగితంలో ఉన్న ధర మీదే బ్యాంకు చూస్తుంది. మాస్టారు పన్ను పడుతుందేమోనని భయపడ్డారు. కొడుకు దగ్గర ఆ డబ్బుతో ఫ్లాటు కొంటున్నారు కాబట్టి ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 54 కింద మినహాయింపు దొరుకుతుందని వాళ్ల ఆడిటర్ చెప్పాక ఒప్పుకున్నారు. పూర్తి 41 లక్షలకి రాశాం. రిజిస్ట్రేషన్‌కే 3,07,500 అయింది. నొప్పిగానే ఉంది. మా ఆయన షాపు రిటర్ను కథ గుర్తు చేసుకుని ఏమీ అనలేదు.

లోను 28 లక్షలు తీసుకున్నాం. మిగతా పదమూడు, రిజిస్ట్రేషన్, బ్రోకర్‌కి ఒక శాతం, లాయరు, వాల్యుయేషను, కాగితాలు బ్యాంకులో పెట్టినందుకు రాసే డిపాజిట్ మెమోరాండం, అన్నీ కలిపి పదిహేడు లక్షల దాకా చేతిలోంచి వెళ్లింది. డిపాజిట్ ఆరు, ఐదు లక్షల చీటీ పాడితే వచ్చిన నాలుగు లక్షల నలభై వేలు, మామయ్యగారు మూడు, మిగతాది నా బంగారం మీద. చీటీ పాటలో అరవై వేలు పోయాయి. అవి పైసల్లో ఎంతో మామయ్యగారు లెక్క కట్టలేదు, నేనూ అడగలేదు.

సంతకాల రోజు బ్యాంకులో రెండు గంటలు కూర్చున్నాం. ఆఖర్న ఒక కాగితం వచ్చింది. లోనుకి ఇన్సూరెన్సు, ప్రీమియం ఎనభై నాలుగు వేలు, "అది కూడా లోనులోనే కలిపేస్తామండి, మీ చేతి నుంచి ఏమీ పోదు." ఇరవై ఏళ్లు వడ్డీతో కట్టేది చేతి నుంచి పోవడం కాదా? తప్పనిసరా అని అడిగాను. అందరూ తీసుకుంటారన్నాడు కుర్రాడు. తప్పనిసరా అని మళ్లీ అడిగాను. కాదన్నాడు. మా ఆయన పేరు మీద, నా పేరు మీద టర్మ్ పాలసీలు బయట తీసుకున్నాం, ఏటా కట్టుకునేలా. ఆ బ్యాంకులో మిగతా కాగితాలన్నీ నేను చదివాకే సంతకం పెట్టాను. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కున్నారు. విసుక్కోనీ.

కార్తీకంలో పాలు పొంగించాం. తమ్ముడు బట్టలు తెచ్చాడు. భోజనాలయ్యాక వాడిని పక్కకి పిలిచి, తోట కాగితం నకలొకటి పంపరా అన్నాను. వాడి ముఖం మారింది. "ఏమైందక్కా?" "ఏం లేదు, చదువుదామని." సాయంత్రానికి ఫోన్లో పంపాడు. నాలుగు పేజీలు. నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా అని రెండు చోట్ల రాసి ఉంది. నిజమే.

మొదటి నెల వాయిదా 24,304. అందులో వడ్డీ 19,833, అసలుకి చేరింది 4,471. అది చూపిస్తే అత్తయ్యగారు "ఇదేం అప్పమ్మా, బిందెలో నీళ్లన్నీ పోస్తే చెంబుడు నిలిచినట్టు" అన్నారు. మాది రెపో రేటుకి, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి అప్పిచ్చే రేటుకి, ముడిపెట్టిన లోను. 2025లో రిజర్వ్ బ్యాంకు ఫిబ్రవరిలో పావు, ఏప్రిల్‌లో పావు, జూన్‌లో అర శాతం తగ్గించింది. ఆ తగ్గింపు మన ఖాతాలోకి రావడానికి మూడు నెలల దాకా పట్టొచ్చు. సెప్టెంబర్‌కి మాది ఏడున్నరైంది. వాయిదా తగ్గించమంటారా, గడువు తగ్గించమంటారా అని అడిగితే వాయిదా అలాగే ఉంచి గడువు తగ్గించమన్నాం. రెండున్నరేళ్లకు పైగా తగ్గింది. ఇలా వడ్డీ మారే ఫ్లోటింగ్ రేటు ఇంటి లోను ముందే తీర్చేసినా జరిమానా లేదు కాబట్టి, బంగారం విడిపించాక చేతిలో పడిందల్లా ఇటే కట్టాలని అనుకుంటున్నాం. అనుకోవడం అయితే జరిగింది.

ఆ సెప్టెంబర్‌లోనే మామయ్యగారు వచ్చారు. వరండాలో కూర్చుని కొత్త శుభలేఖ ఒకటి తిరగేశారు. "ఏడున్నరంటే అరవై రెండున్నర పైసలు. ఈ పక్కిల్లు మనదానిలాంటిదే కదా, అద్దెకిచ్చారు, ఎంతో కనుక్కో." కనుక్కున్నాను. పది వేల ఐదొందలు. పెన్సిలుతో గీశారు, కళ్లజోడు సర్దుకుని మళ్లీ గీశారు.

"పాతికన్నర. ఇంకా ముప్పై ఏడు పైసలు తేడా ఉందమ్మాయ్."

లోపల్నుంచి అత్తయ్యగారు కేకేశారు. "ఆ ముప్పై ఏడు పైసలూ నేనిస్తాలెండి. ముందు లేచి ఆ మోటారు ఆపండి, ట్యాంకు నిండి గోడంతా కారిపోతోంది."